పెద్దమ్మకు మేం పట్టిన మైల

మా పెద్దమ్మ పోయింది. గురువారం పొద్దున నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉన్నాను, ఫోన్ మోగింది. దవాఖానాలో ఆమె పక్కన ఉన్నది ఖాలా, మా వీధి చివర ఉండే దర్జీ గారి భార్య. "పోయిందే పిల్లా. కష్టపడకుండనే పోయింది" అంది. నా మొహం చూసి నల్లా దగ్గరున్న ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ నల్లా కట్టేయలేదు. పెద్దమ్మ ఉంటే తిట్టేది.

ఆమె నాకు చుట్టం కాదు, మా కులం కూడా కాదు. మా పక్కింటి ఆమె. కాలనీలో చిన్నవాళ్ళందరికీ పెద్దమ్మే. ఆమెను తలుచుకోవడానికే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, దాచను. శవం ఇంటికి రాకముందే మా కాలనీ కమాను దగ్గర ఒక ఫ్లెక్సీ వెలిసింది. అందులో పెద్దమ్మ ఫోటో చిన్నది. చేతులు జోడించిన కమిటీ ప్రెసిడెంటు ఫోటో పెద్దది. "హరిత మాతకు అశ్రు నివాళి" అని రాయించాడు. బతికుండగా ఆమెను సొంత ఇంట్లో పెట్టి గొళ్ళెం వేయించిన మనిషి అతనే. ఆమె గురించి ఎక్కడైనా రాసి ఉన్నది అతని మాటలే కాకూడదని నాకు వచ్చినంతలో నేను రాస్తున్నాను.

మాది బొగ్గు బావుల్లో పనిచేసి రిటైరై దిగిపోయినవాళ్ళు కట్టుకున్న కాలనీ. ఒక పక్క ఓపెన్ కాస్ట్ మట్టి గుట్టలు, ఇంకో పక్క అడవి. మధ్యలో భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద పగలూ రాత్రీ బొగ్గు లారీలు. ఆ రోడ్డు వెంబడి ఒక లైను చెట్లు ఉండేవి. లోపల మా ఇళ్ళ ముందు ఇంకో లైను ఉంది. వేప, కానుగ, నేరేడు. రోడ్డు మీద నిలబడితే కాలనీ కనిపించేది కాదు, చెట్లే కనిపించేవి. పెద్దమ్మ, ఆమె భర్త, ఆయనతో పాటు షిఫ్టు దిగిన నలుగురైదుగురు కలిసి ఇళ్ళ పునాదులు తీసిన ఏడాదే వాటిని నాటారట. ఆయన దగ్గుతో పోయారు. "ఆయన ఛాతీలకు పోయిన బొగ్గు సాలు. మన పోరగాండ్ల ఛాతీలకు పోవద్దు" అనేది పెద్దమ్మ. చెట్ల గురించి ఆమె అంతకన్నా పెద్ద మాట ఎప్పుడూ చెప్పలేదు. పిల్లలు లేరు ఆమెకు.

నేను ఆంధ్ర అంచున ఉన్న వేంసూరు వైపు పిల్లను. పెళ్ళై ఇక్కడికి వచ్చినప్పుడు నోరు తెరిస్తే నా మాటకు అందరూ నవ్వేవారు. "అండీ, ఏవండీ అంటదమ్మా, సినిమాల లెక్క" అని. అందుకని నోరు తెరవడమే మానేశాను. మొదటి వారంలో ఒకరోజు స్నానాల గది నీళ్ళు మోరీలోకి పోనిస్తుంటే గోడ మీద నుంచి ఒక తల లేచింది.

"ఏందే కొత్తపిల్లా, ఆ నీళ్ళేం పాపం చేసినయ్? మోరీకి పోస్తున్నవ్?"

నేను తల దించుకుని చెంబు కింద పెట్టాను.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలుతయా? సరే, రాలనియ్యకు. బకెట్ పట్టుకో, నేను చూపిస్త."

ఆ రోజు నుంచి మా ఇంటి స్నానం నీళ్ళు గేటు ముందున్న నేరేడుకు పోయేవి. కాలనీలో ప్రతి ఇంటి నీళ్ళూ ఒక చెట్టుకు పోయేవి. ఏ ఇంటి చెట్టు వాడినా పెద్దమ్మ ఆ ఇంటి ముందు నిలబడి, "ఏందమ్మా, మీ ఇంట్ల స్నానాలు బంజేసిండ్రా?" అని నలుగురికీ వినపడేలా అడిగేది.

పొద్దున్నే స్టీలు గ్లాసులో టీ పట్టుకుని లైను వెంబడి నడిచేది. నడుస్తూ ఒక్కో మాను మీద అరచేత్తో చరిచేది, ఇంటి బర్రెను చరిచినట్టు. రాలిన ఆకు ఎవరైనా తగలబెడితే చీపురుతోనే మంట ఆర్పి, ఆ చీపురు వాళ్ళ గుమ్మంలో పారేసి వెళ్ళేది. పోయినవాళ్ళ గురించి అందరూ మంచి మనిషి అంటారు. పెద్దమ్మ మంచిదే. కానీ ఎవర్నీ ఊరికే వదిలేది కాదు. ఒకసారి ట్యూషన్ మాస్టరు వేపచెట్టుకు మేకు కొట్టి బోర్డు తగిలించాడు. పెద్దమ్మ బోర్డు తీసేసి, అతని వాకిట్లో విడిచిన చెప్పు తెచ్చి అదే మేకుకు వేలాడదీసింది. అతను ఒంటి చెప్పుతో కాలనీ అంతా వెతికి, చివరికి చెట్టు కిందికి వచ్చి దణ్ణం పెట్టాడు. అప్పుడు కూడా నవ్వలేదు ఆమె. "మేకు నువ్వే పీకు, ఆ గాయానికి పసుపు నువ్వే పెట్టు, అప్పుడు తీసుకపో" అంది.

"పోనియ్ వదినె, ఇడిసిపెట్టు" అని మా అత్తమ్మ అంటే, "మనం మర్సిపోతే వాళ్ళు మళ్ళ జేస్తరు మరదలా" అనేది.

చెట్లను కాపాడాలనే కాలనీ కమిటీ పుట్టింది. మొదట్లో బావి పని చేసినవాళ్ళే అందులో ఉండేవారు. తర్వాత ఆఫీసరుగా దిగిపోయిన ఈ ప్రెసిడెంటు వచ్చాడు. రోడ్డు మీది జాగాలు ఒక్కొక్కటీ కొన్నాడు. మీటింగులో అతని నోట ఎప్పుడూ ఒకటే మాట, "కాలనీ స్టాండర్డ్". అడవి ఊళ్ళ నుంచి విస్తరాకులు, తునికి పండ్లు తెచ్చుకుని మా చెట్ల కింద కూర్చుని అమ్ముకునే ఆడవాళ్ళ వల్ల స్టాండర్డ్ పోతోందట. వాళ్ళను రానివ్వకూడదని కమిటీ మగవాళ్ళంతా తలూపి వచ్చారు. మా ఆయన కూడా ఊపాడు.

పెద్దమ్మ అప్పుడు నా దగ్గరికి వచ్చింది. "కుంకుమ భరిణె తే పిల్లా. ఊర్ల పని పడ్డది."

మా దగ్గర శుభకార్యానికి ఆడవాళ్ళను బొట్టు పెట్టి పిలుస్తారు. ఫోనులో చెబితే పిలిచినట్టు కాదు. ఇంటికి వచ్చి నుదుట కుంకుమ పెట్టి చెప్పాలి. అలా పిలిచాక వెళ్ళకుండా ఉండడం అన్నది లేదు. జ్వరం ఉన్నా ఒక అడుగు వేసి రావాల్సిందే. పెద్దమ్మ ముత్తయిదువ కాదు, ఆమె కాలం మనిషి కాబట్టి బొట్టు పెట్టే చెయ్యి ఆమెది కాదు. నాకు మాట రాదు.

"నీ చెయ్యి, నా నోరు" అంది. "ఇద్దరం కలిస్తె ఒక మనిషైతం. నడువ్."

ఇంటింటికీ తిరిగాం. నేను బొట్టు పెట్టేదాన్ని, ఆమె చెప్పేది. "రేపు పొద్దుగూకంగ వేపచెట్ల కిందికి రావాలె. పెండ్లి గాదు, పేరంటం గాదు, మీటింగు. ఐనా బొట్టు పెట్టినం, రాకుంటె నీ ఇష్టం." ఖాలా గుమ్మంలో భరిణె మూసి చక్కెర పొట్లం విప్పాం. ఆమె చక్కెర నోట్లో వేసుకుని, "పెద్దమ్మా, మీటింగుకు బొట్టేంది, నీకు పిచ్చి లేసిందా?" అని నవ్వి, అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది.

మరునాడు ఆడవాళ్ళంతా వచ్చారు. విస్తరాకుల వాళ్ళను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. ప్రెసిడెంటు వచ్చి చూసి, అంతమందిని తప్పించుకుని నడవడానికి దారి లేక అక్కడే ఆగిపోయాడు. పెద్దమ్మ అతనికి ఒక విస్తరాకుల కట్ట చేతికిచ్చింది. "తీస్కో సారూ, స్టాండర్డ్‌గ కుట్టిండ్రు" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు అతని మొహం నేను చూశాను. పెద్దమ్మ ఒక్కతే మరిచిపోని మనిషి కాదని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

పోయిన ఏడాది వైరాలో, చెరువు కనిపించేలా అతను కట్టుకున్న రెండో ఇంటికి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ప్రెసిడెంటు భార్య వెండి భరిణె పట్టుకుని కాలనీలో గడప గడపకూ వచ్చింది. ప్రతి ఇంటి ఆడదాని నుదుటా బొట్టు పెట్టి, జాకెట్ ముక్క చేతిలో పెట్టి, "బస్సు పెట్టినం, పొద్దున్నే రావాలె, ఒక్కరు తగ్గినా నేను ఊకోను" అంది. పెద్దమ్మ గుమ్మం దాటుకుని పక్కింటికి పోయింది. విధవ ఇంటికి బొట్టు రాదు కదా, అందులో తప్పు పట్టడానికి కూడా లేదు.

మేం వెళ్ళాలా వద్దా అని గొణుక్కుంటుంటే పెద్దమ్మే, "బొట్టు పెట్టింది, పోర్రి. తినిరార్రి" అని బస్సు ఎక్కించింది.

సాయంత్రం బస్సు కాలనీ వైపు తిరిగినప్పుడు మా వీధిని మేమే ఆనవాలు పట్టలేకపోయాం. వెలుతురు ఎక్కువైపోయింది. కిటికీల్లోంచి ఎండ నేరుగా ఒళ్ళో పడింది. రోడ్డు వెంబడి ఉన్న ముందు లైను మొత్తం లేదు. కొమ్మలు ట్రాక్టర్లలో వెళ్ళిపోయాయి, మొదళ్ళు తెల్లగా, తడిగా ఉన్నాయి. పెద్దమ్మ ఒక మొదలు మీద కూర్చుని ఉంది. జుట్టు నిండా రంపపు పొట్టు.

రంపాలు వచ్చినప్పుడు కాలనీలో ఉన్నది ఆమె, నిద్రపోతున్న నైట్ షిఫ్టు మగవాళ్ళు. ఆమె కుర్చీ తెచ్చుకుని చెట్టుకు ఆనుకుని కూర్చుందట. ప్రెసిడెంటు తెల్లారగట్లే ముహూర్తం కానిచ్చి కారులో తిరిగొచ్చి, ఎంతో మర్యాదగా, "పెద్దమ్మా, మీకు బీపీ, ఎండల కూసోవద్దు" అన్నాడట. ఇద్దరు మనుషులు ఆమెను కుర్చీతో సహా ఎత్తి ఇంట్లో దించి, బయట గొళ్ళెం పెట్టారు. ఆమె కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తూనే ఉందట. రంపం మోతలో ఎవరికి వినపడుతుంది? మధ్యాహ్నం విస్తరాకుల వాళ్ళు వచ్చి గొళ్ళెం తీశారు. అప్పటికి అయిపోయింది.

మేం చుట్టూ చేరి ఏడుస్తుంటే ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏడుపు బంద్ చెయ్యుర్రి. ఆడు మనల్ని మన బొట్టుతోనే కొట్టిండు. నా తీరే నేర్చుకొని నన్నే కొట్టిండు. ఇగ ఆ ఇంటి బొట్టు మనకొద్దు."

మా అత్తమ్మ భయపడింది. "బొట్టు వద్దంటే పాపం గద వదినె? ముత్తయిదువ చెయ్యి తోసేస్తమా?"

"వద్దనొద్దు. వద్దనకుంటనే తప్పుకోవాలె. ఆడోళ్ళకు బొట్టు పెట్టించుకోరాని దినాలు లేవా ఏంది?"

శ్రావణంలో ప్రెసిడెంటు భార్య వ్రతానికి పిలవడానికి వచ్చింది. మొదటి ఇంట్లో "నేను బయటున్న వదినా" అన్నారు. రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో అత్తా కోడళ్ళు ఇద్దరూ బయటే ఉన్నారు. చివరికి కర్ర పట్టుకుని నడిచే ముసలవ్వ గుమ్మం దగ్గరికి వెళ్తే ఆమె కూడా, "నేను గూడ బయటున్న బిడ్డా" అంది. పెద్దమ్మ తన అరుగు మీద కూర్చుని ఒక్కో ఇంటి జవాబు వింటోంది. అవ్వ మాట వినగానే చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అరుగు మీంచి వాకిట్లో పడిపోయేలా నవ్వింది. చెట్లు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

చెట్లు కొట్టిన ఆ ఎండాకాలం నుంచి లారీల దుమ్ము నేరుగా ఇళ్ళలోకి వచ్చేది. ఉతికిన బట్టలు ఆరేలోపు నల్లబడేవి. మా బాబుకు మూడేళ్ళు. రాత్రిళ్ళు పిల్లి కూనలాగా ఊపిరి తీసేవాడు. పెద్దమ్మ వాడి వీపు మీద చెయ్యి పెట్టి ఆ చప్పుడు వినేది. ఏమీ అనేది కాదు. ఆమె అనకపోవడమే నాకు ఎక్కువ కోపం తెప్పించేది. మిగిలింది మా ఇళ్ళ దగ్గరి వెనక లైను ఒక్కటే. రోడ్డు మీద అతని జాగాల్లో షాపులు లేచాయి. వాటికి వచ్చే బండ్లు నిలపడానికి ఆ లైను కూడా తీయించాలని ప్రెసిడెంటు అంటున్నాడు. ఈలోగా అతని బిడ్డకు పెళ్ళి కుదిరింది. పందిరి కాలనీలోనే వేస్తాం, దానికి జాగా కావాలి, పెళ్ళికి ముందే చెట్లు తీయిస్తాం అన్నాడు.

పెద్దమ్మ అప్పటికి మంచం పట్టింది. దవాఖానాలో చేర్పించాం. నేనూ ఖాలా వంతులేసుకుని ఉండేవాళ్ళం. ఆ మంగళవారం మధ్యాహ్నం జావ తాగిస్తుంటే గ్లాసు పక్కకు నెట్టింది.

"ఆడి బిడ్డ పెండ్లెప్పుడే?"

"వచ్చే బుధవారం పెద్దమ్మా."

కాసేపు పైన తిరిగే ఫ్యాను చూసింది. "నాకు పిల్లల్లేరు. నేను పోతే నాకు మైల పట్టేటోళ్ళెవరు?"

"ఆ మాటలెందుకు, ముందు తాగండి."

"అడిగినదానికి చెప్పు."

"మేం పడతాం."

"ఎవలు? నువ్వొక్కదానివేనా?"

అప్పుడు నాకు అర్థమైంది. దినం అయ్యేదాకా మైల ఉన్న ఇంట్లో ఆడవాళ్ళు బొట్టు పెట్టించుకోరు, శుభకార్యం గడప తొక్కరు. తొక్కమని అడిగే హక్కు కూడా ఎవరికీ ఉండదు. "అందరం పడతాం పెద్దమ్మా. కాలనీ అంతా" అన్నాను. "కానీ చావు మన చేతుల్లో ఉందా?"

"లేదు. మైల మన చేతులనే ఉన్నది గద" అంది. గ్లాసు తనే తీసుకుని జావ మొత్తం తాగింది. "ఆ పిల్ల జోలికి పోవద్దు. ఆమెను ఒక్క మాట అనొద్దు. ఆడి జోలికే."

గురువారం పొద్దున పోయింది.

మా ఆయన కొరివి పెట్టాడు. డంపర్ నడిపే మనిషి, ప్రెసిడెంటు ఎదురొస్తే పక్కకు తప్పుకునే మనిషి, నిప్పు కుండ చేత పట్టుకుని అతని ఇంటి ముందు నుంచే నడిచాడు. కాలనీలో ప్రతి ఇంట్లో తలస్నానాలు చేశారు. ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పారు. ఫ్లెక్సీ విషయానికొస్తే, కమానుకు కట్టిన తీగలు నేనే కోశాను, మా వంటింటి కత్తితో. పెద్దమ్మ బొమ్మ ఉన్న ముక్క వేరుచేసి అత్తమ్మకిచ్చాను. మిగతాది విస్తరాకుల వాళ్ళు అడిగి తీసుకున్నారు. కింద పరుచుకుని కూర్చున్నారు, బొమ్మ పైకి ఉండేలాగానే.

మరునాడే ప్రెసిడెంటు భార్య వెండి భరిణెతో మా గుమ్మంలోకి వచ్చింది. పసుపు దంచడానికి ముత్తయిదువలు కావాలి.

"రా అమ్మా, బొట్టు పెట్టించుకో."

లోపల అత్తమ్మ ఉంది, కానీ బయటికి రాలేదు. ఇంతకాలం మాట్లాడిన నోరు కాటికి పోయింది. చెయ్యి మాత్రమే మిగిలింది. నేను ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"మాకు మైలండి."

"ఎవరిది?"

"మా పెద్దమ్మదండి."

"అదేందమ్మా, ఆమె మీ కులపామె గూడ కాదు గద?"

"కాదండి. అయినా మైలేనండి."

పక్కింట్లోనూ ఆమెకు మైలే ఎదురైంది. ఆ పైన అన్ని ఇళ్ళలోనూ. బొట్టుతో పని లేని ఖాలా గడప కూడా ఆ రోజు తొక్కింది ప్రెసిడెంటు భార్య. ఖాలా తలుపుకు అడ్డంగా నిలబడి, "మా ఇంట్ల గూడ మౌత్ అయింది, చావు ఇల్లు అమ్మా. మేం ఏడికీ పోం" అంది.

సాయంత్రం అతనే వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, "అందరు కలిసి నాటకాలాడుతున్నరా? మీరేమన్న ఆమెకు పాలోళ్ళా మైల పట్టనీకి?" అని అరిచాడు.

అప్పుడు అత్తమ్మ బయటికి వచ్చింది. "అవ్ సారూ, పాలోళ్ళమే. ఆమె పెట్టిన నీడకిందనే ఇన్నేండ్లు బతికినం. మీకు మైల లేకుంటె మీరు చేస్కోర్రి, మేం అడ్డమొస్తున్నమా?"

"రేప్పొద్దుగల్ల రంపాలొస్తయ్. ఎవరడ్డమొస్తరో చూస్త" అని వెళ్ళిపోయాడు.

రంపాలు వచ్చాయి. మేం ఒక్కో చెట్టు కింద ఒక్కొక్కరం కూర్చుని ఉన్నాం. జుట్టు విరబోసుకుని, నుదుట బొట్టు లేకుండా. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. ట్రాక్టరు దిగిన మేస్త్రీ ముందు లైను కొట్టినతనే. కొద్దిసేపు మమ్మల్ని చూశాడు.

"ఎవలు పోయిండ్రమ్మా?"

విస్తరాకుల ఆమె ఒకతె చెప్పింది. "నువ్వు కుర్చీతోటి లేపి ఇంట్ల ఏసినవే, గామెనే."

అతను తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "దినమైందా?"

"కాలే."

"నేను ముట్ట సారూ" అన్నాడు ప్రెసిడెంటుతో. ఎంత ఎక్కువ ఇస్తానన్నా వినలేదు. "పైసల ముచ్చట గాదు. మైల మీదున్న చెట్టు కొట్టి నేను ఇంటికి పోవాల్నా? నాకూ పిల్లలున్నరు."

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. ప్రెసిడెంటు రోడ్డు మీద ఒక్కడే మిగిలాడు. తను చెట్లు కొట్టించిన చోటనే, నెత్తిన ఎండలో. చేత్తో నుదురు కప్పుకుని నీడ కోసం అటూ ఇటూ చూశాడు. నీడంతా మా కింద ఉంది. ఒక్కరం కూడా జరగలేదు. పెద్దమ్మ పోయిన తర్వాత మొదటిసారి నా కడుపు చల్లబడింది. తప్పైతే తప్పే.

పెళ్ళి భద్రాచలంలో ఫంక్షన్ హాల్లో చేసుకున్నారు. పసుపు కూడా అక్కడే ఎవరో దంచారట. బుధవారం పొద్దున పూల కారు కాలనీలోంచి వెళ్ళింది. హారతి ఇచ్చేవాళ్ళు లేరు, ఎదురొచ్చేవాళ్ళు లేరు. పెళ్ళికూతురు అద్దం దించి మా వైపు చూసింది. చిన్నప్పుడు ఆ నేరేడు కిందే ఆడుకున్న పిల్ల. పెద్దమ్మ చెప్పింది కాబట్టి మేమందరం ఆ వేళకు లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డాం, బొట్టు లేని మా మొహాలు ఆమెకు ఎదురు కాకుండా. ఆమె మీద జాలి ఉంది నాకు. ముందు సీట్లో కూర్చున్న అతని మీద లేదు.

పదకొండో రోజు దినం చేశాం. పెద్దమ్మకు ఇష్టమని కోడికూర, అన్నం, ఒక ముంతలో ఈతకల్లు విస్తరిలో పెట్టి వెనక లైను కింద ఉంచి దూరంగా జరిగాం. పిట్ట వచ్చి ముట్టుకోవాలి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలి ఉన్నట్టు. ముందు లైను పోయాక కాకులన్నీ వెనక లైనుకే చేరాయి. కొమ్మ నిండా ఉన్నాయి. కానీ ఒక్కటీ దిగలేదు.

అత్తమ్మ చేతులు జోడించింది. "నీ ఇంట్ల దీపం మేం పెడతం వదినె, రంది పడకు."

కాకులు కదల్లేదు.

"ఈ చెట్లకు నీళ్ళు పోస్తనే ఉంటం" అంది ఖాలా.

ఒకటి కిందికి చూసింది, అంతే. ఎండ ఎక్కుతోంది. అన్నం ఆరిపోతోంది. మగవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. రేపటి నుంచి మైల ఉండదు, రంపాలు మళ్ళీ రావచ్చు, ఏ చుట్టరికం చెప్పి కూర్చుంటాం అని అందరికీ లోపల ఉంది. అందరూ నావైపు చూశారు. ఎందుకు చూశారో తెలియదు.

నేను చెట్టు దగ్గరికి వెళ్ళాను. గట్టిగానే అన్నాను, అతని ఇంటికి వినపడేలా.

"పెద్దమ్మా, ఊరందరికీ ఈరోజుతో మైల తీరింది. ఆ ఇంటికి మాత్రం తీరలేదు. మేం బతికున్నన్నాళ్ళు ఆ ఇంటి బొట్టు మా నుదుట పడదు. అతను పోయిన రోజు కూడా మేం గడప దాటం. నీ చెట్టు మీద చెయ్యి వేస్తే, ముందు మా మీద వెయ్యాలి."

వెనక ఎవరూ "గట్లనకు" అనలేదు. అత్తమ్మ "అవ్" అంది. ఖాలా "అవ్" అంది. ఒక్కొక్కరే అన్నారు.

కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. కోడికూరలోంచి పెద్ద ముక్క ఒకటి ముక్కున కరుచుకుని పైకి లేచింది. మా తలల మీదుగా పోయి ప్రెసిడెంటు ప్రహరీ గోడ మీద వాలింది. తీరిగ్గా కాళ్ళ కింద పెట్టుకుని పొడుచుకు తింది. ఎముక ముక్కలు ఒక్కొక్కటే కొత్తగా పరిచిన అతని పాలరాయి వాకిట్లోకి రాలుతుంటే మేమంతా చూస్తూ నిలబడ్డాం.